కొండకు నిప్పు పెట్టే హక్కు

రంప కొండల్లో నేరమైన నిప్పు, ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్‌లో జీతమిచ్చే కొలువైంది. నూట పాతికేళ్ల తేడాతో రెండు కొండల మీద నడిచిన యథార్థ గాథ.

(మొదటి సన్నివేశం, అందులోని సంభాషణ ఆనాటి పరిస్థితులను బట్టి ఊహించి రాసినవి. చట్టాలు, తేదీలు, అంకెలు, పేర్లు వాస్తవాలు.)

రంప కొండలు, 1882 తర్వాత ఒక వేసవి

సాయంత్రానికి గాలి పడిపోయింది. ఊరు పొద్దుటి నుంచి కాచుకున్నది దానికోసమే.

వాలు మీది చెట్లను చలికాలంలోనే నరికారు. ఇప్ప, చింత, జీలుగు చెట్లను మాత్రం గొడ్డలి తగలకుండా వదిలేశారు. నరికిన కొమ్మా రెమ్మా నెలల తరబడి ఎండకు ఎండి గలగలలాడుతోంది. పోడు చుట్టూ బారెడు వెడల్పున ఆకూ గడ్డీ ఊడ్చి, మట్టి కనిపించేలా చేశారు. పచ్చి మండలు పట్టుకుని మగవాళ్లు ఆ అంచు పొడుగునా నిలబడ్డారు. ఆడవాళ్లు వాగు నుంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చి దించారు. ఊరిపెద్ద వాలు నెత్తిన వంగి నిప్పు రాజేశాడు. పైనుంచి కిందికి దిగే మంట నెమ్మదిగా నడుస్తుంది. కిందినుంచి పైకెక్కే మంటకు పగ్గముండదు. అక్కడ ఎవరికీ ఈ సంగతి చెప్పక్కర్లేదు.

తెల్లారింది. బూడిద వేడి ఇంకా చల్లారకముందే అటవీ గార్డు వచ్చాడు.

“ఎవడ్రా నిప్పెట్టింది?”

“మేమే బాబూ.”

“సర్కారు అడవిది. హద్దు రాయి పాతారు, కళ్లు కనపడలేదా?”

“రాయి మొన్న పాతారు బాబూ. మా తాత పోడు కొట్టుకున్న వాలిది.”

“తాతల కబుర్లు కచేరీలో చెప్పుకుందువుగాని. నిప్పు దగ్గర ఎంతమందున్నారు? పేర్లు చెప్పు.”

“ఊరంతా ఉన్నాం బాబూ. ఊరంతా లేకపోతే నిప్పు మాట వినదు.”

ఆ బూడిదలో చోడి, సామ, కంది పడాలి. తొలకరి చినుకుకు ముందే విత్తనం చేరాలి. రెండు మూడేళ్లు పండించుకుని, నేల సత్తువ తగ్గగానే ఇంకో వాలుకు పోవాలి. విడిచిన వాలు మళ్లీ అడవి కావాలి. కొండరెడ్ల, కోయల బతుకు లెక్క అది. గార్డు పుస్తకంలో దానికి ఒక్కటే పద్దు: అటవీ నేరం.

ముందు కల్లు, తర్వాత నిప్పు

రంప మీద సర్కారు చెయ్యి పడటం నిప్పుతో మొదలవలేదు. ముందు పడింది కల్లు మీద. జీలుగు చెట్టు గీసుకుని తాగే కల్లుకు పన్ను కట్టాలన్నారు. అప్పటికే రంపను ఏలే మన్సబ్‌దారు పిండుడుకీ పోలీసుల వసూళ్లకీ విసిగిపోయిన ముఠాదారులు, అంటే కొండ పల్లెల పెద్దలు, 1879 మార్చిలో ఫితూరీ లేవదీశారు. చోడవరం వైపు మొదలైన తిరుగుబాటు గొలుగొండకూ భద్రాచలం వైపుకూ పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు సర్కారు పోలీసులు చాలక పదాతి దళాలను దింపింది. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన ద్వారబంధాల చంద్రయ్యను 1880లో చంపేశారు. పట్టుబడ్డవాళ్లలో కొందరు అండమాను చేరారు.

ఆ పొగ ఆరీ ఆరకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గోదావరి ఏజెన్సీలో ఒక్కొక్క కొండకే కొలతలు వేసి, హద్దు రాళ్లు పాతి, రిజర్వు అడవిగా ప్రకటించుకుంటూ పోయారు. అందులో పోడు కూడదు, పశువులు మేపకూడదు, నిప్పు అసలే కూడదు. కారణం కలప. కొండ మీద కొట్టిన టేకు తెప్పలై గోదావరి వెంట రాజమండ్రికి దిగేది. దొరల లెక్కలో చెట్టంటే రేపటి సొమ్ము. నిప్పంటే ఆ సొమ్ముకు శత్రువు. మధ్య పరగణాల్లోని బోరి అడవిలో 1860లలోనే నిప్పు సోకకుండా కాపలా కాసే పద్ధతి మొదలుపెట్టారు. అదే విధానం దేశమంతటా అటవీశాఖకు వేదమైంది.

ఆ వేదం తప్పని అనుమానించినవాళ్లు అటవీశాఖలోనే బయల్దేరడం ఈ కథలో వింత. గోదావరి జిల్లాల నుంచి వేలమంది కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి కూలికి పోయిన బర్మాలోనే అది జరిగింది. నిప్పును పూర్తిగా ఆపిన టేకు అడవుల్లో తుప్పలు పెరిగిపోయి, టేకు మొలక పైకి లేవడం లేదని అక్కడి అధికారి హెచ్. స్లేడ్ 1896లో ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో రాశాడు. బర్మాలో అగ్ని రక్షణ మితిమీరిందన్నది ఆయన వాదం. తర్వాతి దశాబ్దాల్లో బర్మా టేకు అడవుల్లోనూ ఉత్తరాది సాల అడవుల్లోనూ అటవీశాఖ తానే ముందస్తుగా మంట పెట్టడం నేర్చుకుంది. శాఖ పెడితే అది యాజమాన్య పద్ధతి. కొండరెడ్డి పెడితే కేసు. నిప్పు ఒక్కటే, పెట్టే చెయ్యి వేరు.

1922 ఆగస్టు

ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడి తుపాకులు పట్టుకుపోయింది. ఈ తేదీలు బడిపిల్లలకూ తెలుసు. ఆ తుపాకుల వెనకున్న కోపంలో పోడు పాలెంత అన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు. రోడ్డు పనికి కొండవాళ్లను ఈడ్చుకెళ్లి, ఇస్తానన్న కూలి కూడా ఇవ్వని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కసి ఉంది. దానికి తోడు నలభై ఏళ్లుగా వాలు వాలుకూ పాతుకొచ్చిన హద్దు రాళ్ల మీద కసి ఉంది. 1924 మే 7న రాజును చంపాక తిరుగుబాటు చల్లారింది. హద్దు రాళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

గోదావరి అవతలి ఒడ్డున, నిజాం రాజ్యంలోనూ కథ వేరుగా లేదు. 1941లో పాపికొండల పల్లెల్లో తిరిగిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్, 1945లో వెలువడిన ‘ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ పుస్తకంలో కొండరెడ్ల పోడునూ, కలప గుత్తేదార్ల చేతిలో వాళ్ల అగచాట్లనూ వివరంగా నమోదు చేశాడు.

పోడును గుడ్డిగా వెనకేసుకు రావడం ఈ కథనం ఉద్దేశం కాదు. రిజర్వులు పెరిగి తిరగడానికి వాళ్లకు మిగిలిన వాలు తగ్గింది. విడిచిన నేల కోలుకునే గడువు కుంచించుకుపోయింది. ఆ స్థితిలో కొట్టే పోడు నేలను కొరికేస్తుంది, నిజమే. కానీ చట్టం పోడును మాత్రమే ఆపలేదు. ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండుటాకు కాల్చే చిన్న మంటనూ, పశువుల మేత కోసం ముదురు గడ్డికి పెట్టే మంటనూ ఒకే గాటన కట్టి నేరం చేసింది. నష్టం ఎక్కువ జరిగింది అక్కడే.

సంక్రాంతి మంట, రోహిణి మంట

చెట్టూ గడ్డీ కలగలిసి పెరిగే నేలను శాస్త్రవేత్తలు సవన్నా అంటారు. పేరు వినగానే ఆఫ్రికా సింహాలు గుర్తొస్తాయి గానీ, మన దేశంలో ఆకురాల్చే అడవులుగా లెక్కల్లో ఉన్న చాలా ప్రాంతాలు నిజానికి సవన్నాలేనని బెంగళూరు శాస్త్రవేత్తలు జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, వారి సహచరులు 2016లో వాదించారు. అలాంటి నేలలో నిప్పు కొత్త చుట్టం కాదు. అక్కడి చెట్లు మందపాటి బెరడుతో, నేలలో దాగిన వేళ్లతో మంటను తట్టుకునేలా తయారయ్యాయి.

అక్కడ తేల్చుకోవాల్సింది నిప్పు ఎప్పుడు పెట్టాలన్నదే. సంక్రాంతి నాటికి గడ్డి సగమే ఎండి ఉంటుంది. రాత్రి మంచు పడుతుంది. అప్పుడు పెట్టిన మంట మోకాలెత్తు దాటదు. అక్కడక్కడ కాలి, తేమ తగిలినచోట దానంతట అదే ఆరిపోతుంది. కాలినచోటూ కాలనిచోటూ గళ్లు గళ్లుగా మిగులుతాయి. అదే రోహిణి కార్తెలో, వడగాలిలో పడ్డ కార్చిచ్చు కొమ్మల దాకా ఎగబాకి కొండకు కొండను ఊడ్చేస్తుంది. అప్పుడు దాన్ని ఆపగలిగేది సంక్రాంతికి కాలిన ఆ గళ్లే. ఏళ్ల తరబడి ఏ మంటా పడనివ్వకుండా ఆకూ గడ్డీ పేరనివ్వడమంటే, పెరట్లో గడ్డివాము పెంచుకుంటూ అగ్గిపెట్టె దాచేసి నిశ్చింతగా ఉండటమే.

గాలిలోకి చేరే వాయువుల లెక్క కూడా దీన్నిబట్టే మారుతుంది. గడ్డి కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడును మరుసటి వానకు మొలిచే గడ్డి తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. లెక్కకట్టేది మీథేన్‌ను, నైట్రస్ ఆక్సైడ్‌ను. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించే శక్తిలో మొదటిది కార్బన్ డయాక్సైడుకు ఇరవై ఐదు రెట్లకు పైన, రెండోది రెండొందల యాభై రెట్లకు పైన. ముందుగా పెట్టిన చిన్న మంటలో కాలే సరుకే తక్కువ, అందువల్ల ఈ వాయువులూ తక్కువ. ఆ తగ్గిన మేర కొలిచి, టన్నుల్లోకి మార్చి అమ్మవచ్చు. ఈ మాటను మొదట చేసి చూపించింది ఒక ముసలాయన ఊరు.

ఆర్నెమ్ ల్యాండ్, 2002

ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్ నగరం. దానికి తూర్పున ఆర్నెమ్ ల్యాండ్ ఇసుకరాతి పీఠభూమి. వేల ఏళ్లనాటి రాతి చిత్రాలున్న ఆ గట్ల మీద బినింజ్ ఆదివాసులు ఏటా వానలు వెనుదిరగ్గానే నడుస్తూ, ఎక్కడికక్కడ గడ్డికి చిన్న చిన్న మంటలు పెట్టుకుంటూ పోయేవారు. ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ మిషన్లు, గనులు, దున్నల వేట శిబిరాలు, కొత్త ఊళ్లు వాళ్లను ఒక్కొక్కరినే కిందికి లాగాయి. పీఠభూమి ఖాళీ అయింది. మనిషి పోయాక చిన్న మంట కూడా పోయింది. ఎండాకాలం చివర పిడుగు పడ్డా, ఎవరో దారిన పోతూ నిప్పు వదిలినా వందల మైళ్లు తగలబడేది. మంటను తట్టుకోలేని అన్‌బినిక్ చెట్ల తోపులు అంచుల నుంచి మాడిపోతూ వచ్చాయి.

చిన్నప్పుడు ఆ గట్ల మీద తల్లిదండ్రులతో నడిచినవాళ్లలో చివరి తరం మనిషి బర్దాయల్ నాజామెరెక్. 1926 ప్రాంతంలో పుట్టాడు. పొడగరి కాబట్టి ‘లాఫ్టీ’ అన్న పేరు స్థిరపడింది. తగరం గనిలో, దున్నల వేటలో కూలి చేశాడు. చెట్టు బెరడు మీద వేసిన చిత్రాలతో దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. పట్నంలో పేరుప్రఖ్యాతులతో గడిపేయవలసిన వయసులో ఆయన 2002లో కుటుంబంతో కలిసి కబుల్వర్నమ్యో అనే చోటికి, తన గట్ల మీదికి తిరిగొచ్చాడు. గుడారాల్లో కాపురం. సరైన దారి లేదు. మనుషులు మళ్లీ అక్కడ ఉంటేనే ఆ నేలకు దిక్కన్నది ఆయన పట్టు.

ఆయన వెంట నడిచినవాళ్లు రెండు రకాలు. డీన్ యిబర్‌బుక్ వంటి తర్వాతి తరం ఆదివాసులు ఒకవైపు. పీటర్ కుక్, అగ్ని పరిశోధకుడు జెరెమీ రస్సెల్-స్మిత్ వంటి తెల్లవాళ్లు మరోవైపు. ఏ గాలికి, ఏ గడ్డికి, ఏ రోజుల్లో నిప్పు పెట్టాలో ముసలాయన చూపించేవాడు. కాలిన గడ్డి బరువు ఎంత, ఉపగ్రహ చిత్రంలో మచ్చ వైశాల్యం ఎంత, వాయువులు ఎన్ని టన్నులన్నది శాస్త్రవేత్తలు కొలిచేవారు. రెండు చదువులూ ఒకే జవాబు చెప్పాయి: ముందు పెట్టిన చిన్న మంట, తర్వాత రాబోయే పెద్ద మంటను ఆపుతుంది.

గ్యాసు కంపెనీ కట్టిన రుసుము

అదే సమయంలో డార్విన్ రేవులో కొనోకోఫిలిప్స్ కంపెనీ సహజవాయువును ద్రవంగా మార్చే ప్లాంటు కడుతోంది. అది వదిలే కాలుష్యానికి బదులుగా మరోచోట కొంత తగ్గించాలని నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం కోరింది. 2006లో ఒప్పందం కుదిరింది. 17 ఏళ్లపాటు ఏటా సుమారు 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఆదివాసీ రేంజర్లకు అందాలి. ప్రతిగా ఏటా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు తగ్గాలి. ప్రాజెక్టు విస్తీర్ణం దాదాపు 28,000 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా 18,500 చదరపు కిలోమీటర్లే.

మొదటి ఏడేళ్లలో ఉద్గారాలు ప్రాజెక్టుకు ముందరి పదేళ్ల సగటు కంటే దాదాపు 38 శాతం తగ్గాయి. ఏప్రిల్ నుంచి జులై వరకు రేంజర్లు కొంత నడిచి, కొంత హెలికాప్టర్ నుంచి నిప్పు గోళీలు జారవిడిచి గడ్డి కాలుస్తారు. ఎండ ముదిరాక తప్పించుకున్న మంటలను ఆర్పుతారు. మిగిలిన రోజుల్లో రాతి చిత్రాలను కాపాడటం, దున్నల బెడద తగ్గించడం, అంతరించిపోతున్న చిన్న జంతువుల జాడ తీయడం వాళ్ల కొలువు. బర్దాయల్ 2009లో కన్నుమూశాడు. అదే ఏడాది ఆ నేల వార్డెకెన్ పేరుతో ఆదివాసీ రక్షిత ప్రాంతమైంది. 2015లో కబుల్వర్నమ్యోలో పిల్లలకు బడి తెరిచారు. 2011లో ఆస్ట్రేలియా తెచ్చిన కార్బన్ చట్టం దన్నుతో ఇలాంటి ప్రాజెక్టులు ఉత్తర ఆస్ట్రేలియాలో డజన్ల కొద్దీ వచ్చాయి.

ఈ కథలో ముల్లు లేకపోలేదు. గ్యాసు ప్లాంటు పొగ ఆగలేదు. దానికి బదులు మరోచోట పొగ తగ్గింది, అంతే. టన్నుల కోసమే కాల్చడం మొదలైతే పక్షికీ పువ్వుకీ కావలసిన మంట వేరు, లెక్కకు కావలసిన మంట వేరు అయ్యే ప్రమాదమూ ఉంది. కార్బన్ ధర పడిపోతే జీతాలూ పడిపోతాయి. అయినా ఒక్క మార్పు తిరుగులేనిది. ఖాళీ అయిన కొండ మీదికి మనుషులు తిరిగొచ్చారు.

పవర్‌గూడ చెక్కు

కార్బన్ సొమ్ము తెలుగు కొండలకు కొత్త కాదు. 2003లో, అంటే ఆర్నెమ్ ల్యాండ్ ఒప్పందానికి మూడేళ్ల ముందే, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం మహిళా సంఘానికి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాళ్లు కానుగ గింజల నుంచి నూనె తీసేవారు. డీజిలుకు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడును, వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం తాలూకు ఉద్గారాలకు బదులుగా కొన్నారు. తర్వాత అరకు లోయలో నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి కాఫీ రైతులతో దాదాపు 60 లక్షల చెట్లు నాటించాయి. ఆ చెట్లు పీల్చే కార్బన్ పెట్టుబడి పెట్టిన కంపెనీల ఖాతాలోకి వెళుతుంది. చెట్లూ పండ్లూ రైతులకు దక్కుతాయి.

రెంటిలోనూ పని చెట్టుతోనే. నాటడానికి ఎవరూ అడ్డు చెప్పరు. నిప్పు దగ్గరకొచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 కూడా పాత మద్రాసు చట్టం మాటే చెబుతుంది: రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. ఏటా వేసవికి ముందు అటవీశాఖ మంట పాకకుండా ఫైర్ లైన్లు గీయిస్తుంది, ఆ పనికి కొండపల్లెల వాళ్లనే కూలికి పెట్టుకుంటుంది. నిప్పు తెలిసిన మనిషికి అడవిలో ఇప్పటికీ దక్కుతున్నది ఆ కూలి పాత్రే.

పట్టా ముందు, సొమ్ము వెనుక

ఆర్నెమ్ ల్యాండ్ విజయానికి హెలికాప్టరూ ఉపగ్రహమూ కారణమని చెప్పుకోవడం తేలిక. అసలు కారణం 1976లో ఉంది. ఆ ఏడాది వచ్చిన నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ భూహక్కుల చట్టం ఆర్నెమ్ ల్యాండ్‌ను దాని మనుషుల పేర రాసింది. ముప్ఫై ఏళ్ల తర్వాత గ్యాసు కంపెనీ వచ్చేసరికి బేరమాడటానికి ఎదురుగా భూమి యజమానులు కూర్చున్నారు. కొనేవాడు చేతులు చాచాల్సింది వాళ్ల ముందు. నిప్పు పెట్టే జ్ఞానానికి ధర కట్టారంటే, ఆ నేల ఎవరిదన్న తగువు అంతకుముందే తీరింది కాబట్టి.

మన ఏజెన్సీలో సాగు భూమి ఆదివాసుల చేయి దాటిపోకుండా 1/70 చట్టం కంచె ఉంది. అడవికి మాత్రం 2006 దాకా అలాంటి కంచె లేదు. యాదృచ్ఛికమే అయినా, ఆర్నెమ్ ల్యాండ్ ఒప్పందం కుదిరిన ఏడాదే మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. పోడు సాగుకు వ్యక్తిగత పట్టాలివ్వడంతో ఆ చట్టం పని అయిపోయినట్టు మనం మాట్లాడుకుంటాం. అందులో ఇంకో హక్కుంది: తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే సామూహిక హక్కు. దాన్ని అమలు చేయవలసింది గ్రామసభ.

పాపికొండల పల్లెలు ఆర్నెమ్ ల్యాండ్ కాలేవు. ఇక్కడ కొండ మీద ఊళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, పొలాలున్నాయి, 2008 నుంచి జాతీయ పార్కు ఉంది. గడ్డి కంటే వెదురూ చెట్టూ ఎక్కువున్న చోట అసలు నిప్పు తగనే తగదు. ఏ కొండకు మంట మేలు, ఏ కొండకు కీడు అన్నది వాలు వాలుకూ తేల్చుకోవాలి. వచ్చే సొమ్ము కూడా గొప్పగా ఉండకపోవచ్చు. పవర్‌గూడ అందుకున్నది 645 డాలర్లే. అందుకే ఆశను సొమ్ముతో మొదలుపెట్టకూడదు. ముందు గ్రామసభకు సామూహిక హక్కు పత్రం అందాలి. ఆ తర్వాత ఒకటి రెండు గడ్డి వాలుల మీద, మంచు పడే రోజుల్లో, ఊరి పెద్దల చెప్పుచేతల్లో, అటవీశాఖ సమక్షంలో చిన్న మంటలు పెట్టి చూడాలి. నాలుగైదేళ్లు కొలిచాక వేసవి కార్చిచ్చు తగ్గిందని తేలితే, కార్బన్ లెక్క అప్పుడు వేసుకోవచ్చు.

ఈ వరుస తారుమారైతే జరిగేది ఊహించడం కష్టం కాదు. కార్బన్ కొనేవాడూ అమ్మేవాడూ రాజమండ్రిలోనో అమరావతిలోనో కూర్చుని సంతకాలు చేసుకుంటారు. నిప్పును మాట వినిపించగల ఊరు మాత్రం రోజుకూలీ ఫైర్ వాచర్‌గానే మిగిలిపోతుంది.